కొరియా వారి కారపు తొక్ - కెలోరీల చరిత్ర

ఆహార పదార్థము యొక్క విలువను నేడు అందరును కెలోరీలలో చెప్పుకొనుట అలవాటైనది. అంగడిలో కొనిన పొట్లము మీద ఆ సంఖ్య అచ్చు వేయబడి యుండును. సంఖ్య పెద్దదైనచో నేటి పట్టణవాసి భయపడును. అదే సంఖ్యను చూచి ఒకప్పుడు ఆకలిగొన్నవాడు సంతోషించెడివాడు. సంఖ్య మారలేదు, దానిని చదువు మనుష్యుని స్థితి మారినది. ఈ మార్పును తెలిసికొనుటకు దక్షిణ కొరియా దేశమున వీథివీథినా అమ్ముడగు తొక్‌పొక్కి అను కారపు వంటకము చక్కని ఉదాహరణము. రాజుల నగరులో పుట్టి, కరవు కాలమున వీథిలోనికి వచ్చి, నేడు దేశదేశములకు ప్రాకిన ఈ వంటకము ప్రతి దశయందును ఆ దేశపు ధాన్యపు గాదె ఎట్లున్నదో చెప్పుచునే వచ్చినది.

తొక్ అనగా నేమి?

కొరియా భాషలో బియ్యపు పిండితో చేసిన కుడుముల వంటి పదార్థములన్నిటికిని తొక్ అని పేరు. మన తొక్కుడు పచ్చడికిని దీనికిని పేరులో పోలికయే గాని సంబంధము లేదు. తొక్‌లో పెక్కు రకములున్నవి. వానిలో తొక్‌పొక్కికి ఉపయోగించునది గారెతొక్ అనబడు తెల్లని పొడవైన కడ్డీ. దీనిని జిగురు బియ్యముతో కాక, ప్రతిదినము అన్నము వండుకొను బియ్యముతోనే చేయుదురు. బియ్యమును నానబెట్టి, తడి పిండిగా విసరి, అడుగున రంధ్రములు గల మట్టి పాత్రలో ఆవిరిపై ఉడికింతురు. ఉడికిన పిండిని వేడిగా నున్నప్పుడే కొయ్య సుత్తులతో బాగుగా దంచి, చేతులతో దొర్లించి కడ్డీలుగా చేయుదురు. ఇప్పుడీ పనిని యంత్రములు చేయుచున్నవి. చాంద్రమాన సంవత్సరాదినాడు ఈ కడ్డీలను పలుచని బిళ్ళలుగా కోసి పులుసులో వేసికొని తినుట కొరియనుల ఆచారము. పొడవైన కడ్డీ దీర్ఘాయువునకు గుర్తు.

మన ఇండ్లలో చేయు పాలతాలికలును, ఆవిరి కుడుములును ఎరిగినవారికి ఈ పద్ధతి క్రొత్తది కాదు. ఐతే దంచుట అనునది ఈ పద్ధతిలోని ప్రత్యేకత. బియ్యపు పిండిలోని పిండి రేణువులు ఆవిరికి ఉబ్బి పగులును. వానిలోని అమైలోజ్, అమైలోపెక్టిన్ అను రెండు విధములైన పొడవాటి అణువులు నీటిని పీల్చుకొని మెత్తబడును. దంచినప్పుడు ఈ అణువులు ఒండొంటితో పెనవేసికొని ముద్ద సాగును, గట్టిపడును. నమలునప్పుడు పంటికి ఎదురు తిరుగు ఆ గుణము అందువలననే వచ్చినది. చల్లారిన కొలది అణువులు మరల వరుసలు కట్టి కడ్డీ రాయివలె గట్టిపడును. మరల వేడి పులుసులో వేసినచో మెత్తబడును. కావున నిలువ ఉంచిన తొక్‌ను ఏదో ఒక పులుసులో గాని, నూనెలో గాని మరల వేడి చేసికొనుట తప్పనిసరి అయ్యెను. తొక్‌పొక్కి యొక్క పుట్టుకకు ఇదియే మూలము. పొక్కి యనగా వేపుడు.

కెలోరీల విషయములో ఇక్కడ ఒక ముఖ్యాంశము కలదు. వండిన అన్నములో నూటికి సుమారు 65 నుండి 70 పాళ్ళు నీరే ఉండును. అందుచేత 100 గ్రాముల అన్నము సుమారు 130 కెలోరీలను మాత్రమే ఇచ్చును. గారెతొక్‌లో నీరు నూటికి సుమారు 45 పాళ్ళు. అందువలన అదే బియ్యముతో చేసిన తొక్ 100 గ్రాములకు 200 నుండి 240 కెలోరీల వరకు ఇచ్చును. బియ్యము గుణము మారలేదు. నీరు తగ్గుటచే శక్తి చిక్కబడినది. తొక్ తిన్నవాడు అంతే తూకము గల అన్నము తిన్నవాని కన్న ఎక్కువ శక్తిని పొందును.

రాజుల నగరులోని వంటకము

కొరియాను క్రీ. శ. 1392 నుండి 1910 వరకు జొసొన్ వంశము వారు పాలించిరి. ఆ కాలపు తొక్‌పొక్కిలో కారము లేదు. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున వెలసిన సియుయిజొన్‌సొ అను పాకశాస్త్ర గ్రంథములో దీని తయారు విధము చెప్పబడియున్నది. తెల్లని తొక్, ఎద్దు మాంసము, నువ్వుల నూనె, సోయా రసము, ఉల్లి కాడలు, రాతి మీద పెరుగు ఒక విధమైన లైకెన్, దేవదారు జాతి చెట్ల పప్పులు, వేయించిన నువ్వులు - ఇవి దానిలోని వస్తువులు. నేటికిని దీనిని రాజనగరు తొక్‌పొక్కి అని పిలుచుచున్నారు.

పోషణ దృష్టితో చూచినచో ఇది బాగుగా అమరిన వంటకము. బియ్యపు మాంసకృత్తులలో లైసిన్ అను ఆమ్లము తక్కువ. మాంసములోను, సోయాలోను అది సమృద్ధిగా ఉన్నది. ఒకదాని లోటును మరియొకటి పూరించును. 150 గ్రాముల తొక్, 60 గ్రాముల కొవ్వు తక్కువైన మాంసము, 10 గ్రాముల నువ్వుల నూనె కలిసిన గిన్నెను నమూనాగా తీసికొందము. దాని శక్తి సుమారు 530 కెలోరీలు. మాంసకృత్తులు సుమారు 18 గ్రాములు. అనగా మొత్తము శక్తిలో సుమారు ఏడవ వంతు మాంసకృత్తుల నుండియే వచ్చుచున్నది. ఐతే తెల్లని బియ్యము, ఎద్దు మాంసము, నూనె సామాన్య రైతుకు పండుగనాడు తప్ప దొరకునవి కావు. వంటకము మంచిదే, తినువారు కొద్దిమంది.

మిరప రాక

నేడు తొక్‌పొక్కి అనగానే ఎర్రని కారపు పులుసు కన్నులకు కట్టును. ఆ ఎరుపు నిచ్చు మిరప కొరియాలో మొదటి నుండి ఉన్నది కాదు. దాని జన్మస్థానము అమెరికా ఖండము. క్రీ. శ. 1492లో కొలంబస్ నౌకలు ఆ ఖండము చేరిన తరువాత మిరప ఐరోపాకు వచ్చినది. పదునారవ శతాబ్దిలో పోర్చుగీసు వర్తకుల వలన ఇండియా పడమటి తీరమునకును, తూర్పు ఆసియాకును చేరినది. అంతవరకు తెలుగువారికిని కారమనగా మిరియమే. మిరప అను మాటయే మిరియమును జ్ఞప్తికి తెచ్చుచున్నది. నేడు మిరపకు పేరుపొందిన గుంటూరు సీమయు, కారము లేనిదే ముద్ద దిగని కొరియాయు దాదాపు ఒకే కాలమున ఒకే మొక్కను అరువు తెచ్చుకొన్నవి.

కొరియాలో మిరపను గూర్చిన ప్రసిద్ధమైన తొలి వ్రాత క్రీ. శ. 1614 నాటిది. యి సు-గ్వాంగ్ అను పండితుడు తన జిబోంగ్ యుసొల్ అను గ్రంథములో దీనిని జపాను నుండి వచ్చిన విషపు కారముగా వర్ణించెను. సారాయి అంగళ్ళలో దీనిని మద్యమున కలుపుచున్నారనియు, త్రాగినవారు పెక్కురు మరణించిరనియు ఆయన వ్రాసెను. అట్లు భయపెట్టిన కాయ ఒకటిన్నర శతాబ్దము గడచునప్పటికి వంటయింటి వస్తువైనది. క్రీ. శ. 1766లో యు జుంగ్-రిమ్ కూర్చిన జుంగ్బొ సల్లిమ్ గ్యొంగ్జె అను వ్యవసాయ గ్రంథములో మిరప ముద్దను పులియబెట్టు విధము కనబడుచున్నది. దీనినే నేడు గొచుజాంగ్ అందురు.

గొచుజాంగ్ చూచుటకు మన కొరివికారము వలె ఉండును గాని తయారు వేరు. మిరప పొడి, ఉడికించిన జిగురు బియ్యము, పులియబెట్టి ఎండబెట్టిన సోయా చిక్కుడు పొడి, మొలకెత్తిన బార్లీ పొడి, ఉప్పు కలిపి జాడీలలో నెలల తరబడి ఎండకు పెట్టుదురు. బార్లీ మొలకలలోని ఎంజైములు బియ్యపు పిండిని చక్కెరలుగా విడగొట్టును. సూక్ష్మజీవులు సోయా మాంసకృత్తులను చిన్న చిన్న అమైనో ఆమ్లములుగా మార్చును. అందుచేత దానికి కారముతో పాటు తీపియు, మాంసపు పులుసు వంటి రుచియు వచ్చును. మాంసము లేని పేదవాని గిన్నెకు మాంసపు రుచి నిచ్చు ఉపాయమిది. రుచి వచ్చినంత మాత్రమున మాంసము యొక్క పోషణ వచ్చినట్లు కాదు.

మిరపలో కారము కలిగించునది కాప్సైసిన్ అను పదార్థము. ఇది నోటిలోని నాడుల చివర గల ఒక గ్రాహకమునకు తగులుకొనును. ఆ గ్రాహకము మామూలుగా వేడిని గుర్తించుటకు ఏర్పడినది. అందుచేత మిరప తిన్నవానికి నోరు కాలినట్లు తోచును. ఈ గ్రాహకమును 1997లో కనుగొన్న డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమానమును పంచుకొనెను. కాప్సైసిన్ ఇచ్చు కెలోరీలు లెక్కకు రానంత స్వల్పము. కారపు తొక్‌లో కెలోరీలనిచ్చునది మిరప కాదు, దాని ప్రక్కనున్న పిండియు చక్కెరయును.

బార్లీ కనుమ

క్రీ. శ. 1910 నుండి 1945 వరకు కొరియా జపాను పాలనలో నుండెను. 1918లో జపానులో బియ్యపు ధరలు పెరిగి అల్లర్లు చెలరేగగా, 1920 నుండి కొరియాలో బియ్యపు పంటను పెంచు ప్రణాళిక ఆరంభమయ్యెను. పంట పెరిగెను. పెరిగిన పంటను మించి బియ్యము ఓడల మీద జపానుకు తరలిపోయెను. బియ్యము పండించినవాడు మంచూరియా నుండి వచ్చిన కొర్రల వంటి చిరుధాన్యములను తినవలసి వచ్చెను. ఒక్కొక్క కొరియను తిను బియ్యము ఏటేట తగ్గిపోయెను.

1950 జూను నుండి 1953 జూలై వరకు సాగిన యుద్ధము ఈ దుస్థితిని మరింత పెంచెను. పొలములు పాడయ్యెను. లక్షల కొలది శరణార్థులు పట్టణములకు చేరిరి. చలికాలములో నిలువ బియ్యము అయిపోయి, వేసవి ఆరంభమున బార్లీ కోతకు వచ్చు వరకు గల నెలలను కొరియనులు బొరిత్‌గొగె అనిరి. బార్లీ కనుమ అని దాని అర్థము. కొండ కనుమను దాటుట ఎంత కష్టమో ఆ నెలలను దాటుటయు అంత కష్టమని భావము. ఆ రోజులలో పల్లె ప్రజలు చెట్ల బెరడును, అడవి ఆకులను, దుంపలను తిని ప్రాణము నిలుపుకొనిరి. అట్టివారికి కావలసినది మొదట శక్తి. ఏ రూపములో వచ్చినను, ఎంత అగ్గువగా వచ్చిన అంత మేలు.

కెలోరీ అను తూనిక

ఆహారము నిచ్చు శక్తిని కొలుచు విద్య అప్పటికి అర్ధ శతాబ్దము వెనుకటిది. ఒక కిలోగ్రాము నీటి వేడిమిని ఒక సెంటిగ్రేడు డిగ్రీ పెంచుటకు కావలసిన ఉష్ణము ఆహారశాస్త్రములోని ఒక కెలోరీ. జర్మనీలో మాక్స్ రుబ్నర్ 1880 ప్రాంతముల ఆహార పదార్థముల ఉష్ణ విలువలను శ్రద్ధగా కొలిచెను. అమెరికాలో విల్బర్ ఆట్‌వాటర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1890 తరువాత మనుష్యుడు లోపల పండుకొని యుండదగిన పెద్ద గదిని నిర్మించి, అతడు తిన్నదానిని, విసర్జించినదానిని, అతని దేహము విడుచు వేడిని లెక్కించెను. గ్రాము పిండి పదార్థమునకు 4, గ్రాము మాంసకృత్తులకు 4, గ్రాము క్రొవ్వునకు 9 కెలోరీలు అని నేటికిని మనము వాడు సంఖ్యలు ఆయన పరిశోధనల ఫలితములే.

ఆట్‌వాటర్ ఉద్దేశము పేద కార్మికునికి మేలు చేయుట. ఒక సెంటు పెట్టి కొన్నచో ఏ ఆహారము ఎక్కువ శక్తిని, ఎక్కువ మాంసకృత్తులను ఇచ్చునో ఆయన పట్టికలు వేసి చూపెను. ఆ లెక్కలో గోధుమ పిండి ముందు నిలిచెను. కూరలు, పండ్లు దుబారా వలె కనబడెను. ఆయన కాలమునకు విటమినులు తెలియవు. విటమిను అను మాటకు మూలమైన పేరును కాసిమీర్ ఫంక్ 1912లో గాని పెట్టలేదు. ఆట్‌వాటర్ 1907లోనే మరణించెను. తూనిక సరియైనదే. అది తూచునది శక్తిని మాత్రమే. ఈ విషయమును మరచినచో తూనిక మోసగించును.

గోధుమ పిండి వచ్చుట

అమెరికాలో గోధుమ మిగిలిపోవుచున్న కాలమున, 1954లో, ఆ దేశపు శాసనసభ 480వ ప్రజా శాసనమును చేసినది. మిగులు ధాన్యమును ఇతర దేశములకు సులభ షరతులపై పంపుట దాని ఏర్పాటు. దక్షిణ కొరియా 1955లో దీనికి ఒడంబడిక చేసికొనెను. ఇండియాయు 1956లో చేసికొన్నది. రేషను దుకాణములలో ఆనాడు గోధుమకై వరుసలలో నిలిచిన తెలుగువారికి ఆ శాసనపు సంఖ్య పరిచితమే. కొరియాలో బియ్యము కన్న చాల చౌకగా దొరకిన ఈ పిండితో తొక్ కడ్డీలను చేయుట ఆరంభమయ్యెను. దీనిని మిల్‌తొక్, అనగా గోధుమ తొక్, అనిరి.

ఎర్రని పులుసు తొక్‌పొక్కికి నాంది పలికినది సియోల్ నగరములోని సిందాంగ్-డోంగ్ పేటకు చెందిన మా బోక్-రిమ్ అను స్త్రీ అని ప్రసిద్ధి. చీనా భోజనశాలలో ఆమె చేతిలోని తొక్ జారి నల్లని సోయా ముద్ద పులుసులో పడినదనియు, తీసి తిని చూడగా రుచిగా నుండుటచే గొచుజాంగ్ కలిపి అమ్మవలెనను ఆలోచన కలిగినదనియు చెప్పుదురు. ఆమె 1953లో వీథి ప్రక్కన పొయ్యి పెట్టి అమ్మకము మొదలు పెట్టెను. ఆమె 2011లో మరణించెను. ఆ పేటలోని ఒక సందు అంతయు నేటికిని తొక్‌పొక్కి అంగళ్ళతో నిండియున్నది.

రాజనగరు గిన్నెతో ఈ వీథి గిన్నెను పోల్చిన మార్పు స్పష్టముగా తెలియును. మాంసము పోయినది. నువ్వుల నూనె పోయినది. సోయా రసము స్థానమున మిరప ముద్దయు, తీపియు వచ్చినవి. శక్తి మాత్రము నిలిచినది. గోధుమ పిండిలో మాంసకృత్తులు 100 గ్రాములకు సుమారు 11 గ్రాములు. బియ్యములో సుమారు 7. ఈ లెక్క చూచి గోధుమయే మేలని తోచును. కాని గోధుమ మాంసకృత్తులలో లైసిన్ బియ్యములో కన్నను తక్కువ. కావున సంఖ్యలో కనబడిన లాభమంతయు దేహమునకు చేరదు. ఐనను ఆకలితో నున్న బాలునికి అది ఆహారము. దొరకని రాజనగరు గిన్నె కన్న దొరకిన వీథి గిన్నె మేలు.

1960 తరువాత ప్రభుత్వమే బియ్యము తగ్గించి పిండి వంటకములను తినుడని ప్రజలను ప్రోత్సహించెను. 1969 నుండి బుధ, శనివారములలో పగటి వేళ భోజనశాలలలో బియ్యపు వంటకములను అమ్మరాదని ఉత్తరువు చేసిరి. బియ్యముతో కల్లు వంటి పానీయమును తయారు చేయుట నిషేధింపబడెను. బడిలో ఉపాధ్యాయులు పిల్లల అన్నపు డబ్బాలను తెరచి చూచి బార్లీ తగినంత కలిసినదో లేదో పరీక్షించిరి. ఇట్టి కాలమున బడి ముంగిట అమ్ముడగు గోధుమ తొక్‌పొక్కి ఒక తరము పిల్లలకు అలవాటైన రుచి అయ్యెను. కొరత వలన పుట్టిన వంటకము ఆ తరమునకు బాల్యపు జ్ఞాపకముగా నిలిచినది.

బియ్యము మరల వచ్చుట

కొరత తీరినది విత్తనము మార్చుట వలన. సియోల్ జాతీయ విశ్వవిద్యాలయ ఆచార్యుడు హొ మున్-హొ 1964లో ఫిలిప్పీన్సు నందలి అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థకు వెళ్ళెను. చలిని ఓర్చుకొను జపాను జాతి వరిని, తైవాను పొట్టి రకమగు తైచుంగ్ నేటివ్-1తో కలిపి, ఆ సంకరమును ఐ.ఆర్.8తో మరల సంకరపరచి క్రొత్త వంగడమును సాధించెను. దీనికి టోంగిల్ అని పేరు పెట్టిరి. ఏకీకరణము అని దాని అర్థము. 1972 నుండి ఇది రైతుల పొలములలో విరివిగా వ్యాపించెను. పొట్టి కాడ గల మొక్క కావున ఎక్కువ ఎరువు వేసినను పడిపోక, పాత రకముల కన్న సుమారు మూడవ వంతు అధికముగా పండెను. 1977 నాటికి దక్షిణ కొరియా బియ్యములో స్వయంపోషకత్వము నందెను. అమ్మకపు ఆంక్షలు తొలగెను.

ఇందులోని ఐ.ఆర్.8 తెలుగు రైతులకు చిరపరిచితము. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు దీనిని పండించి దేశమునకు చూపిరి. అనగా గోదావరి డెల్టాలో గాదెలు నింపిన వరియు, కొరియాలో బార్లీ కనుమను దాటించిన వరియు ఒకే కుటుంబమునకు చెందినవి. టోంగిల్‌కు లోపములును కలవు. చలికి తాళలేదు. 1980లో వచ్చిన చలి వలన పంట మిక్కిలి దెబ్బతినెను. అన్నము జిగురుగా లేదని ప్రజలు ఇష్టపడలేదు. 1990 తరువాత అది పొలముల నుండి తొలగిపోయెను. అప్పటికి దాని పని ముగిసినది.

ఆ పిమ్మట చిత్రమైన మార్పు కలిగెను. బియ్యము సమృద్ధి అగునప్పటికి దానిని తినువారు తగ్గిరి. 1970లో ఒక్కొక్క కొరియను సంవత్సరమునకు సగటున 136 కిలోగ్రాముల బియ్యము తినెడివాడు. 2023లో ఆ సంఖ్య 56 కిలోగ్రాములకు దిగెను. మాంసము, పాలు, గోధుమ రొట్టెలు ఆ స్థానమును ఆక్రమించినవి. మిగిలిన బియ్యమును ఖర్చు చేయుటకు ప్రభుత్వము బియ్యపు తొక్‌ను ప్రోత్సహించుచు వచ్చెను. 2009లో తొక్‌పొక్కి కొరకే ఒక పరిశోధనాలయము నెలకొల్పబడెను. బియ్యము తినవద్దని చెప్పిన రాజ్యమే నలుబది ఏండ్లకు బియ్యము తినుడని చెప్పినది.

నేటి గిన్నె లెక్క

ఇక నేటి తొక్‌పొక్కి ఒక గిన్నెను ఆట్‌వాటర్ సంఖ్యలతో లెక్క వేసి చూతము. ఇది సుమారు లెక్క. వంట చేయువానిని బట్టి మారును. బియ్యపు తొక్ 200 గ్రాములు అనుకొందము. అందులో పిండి పదార్థము 100 గ్రాములు, మాంసకృత్తులు 8, క్రొవ్వు 1. శక్తి 441 కెలోరీలు. గొచుజాంగ్ 40 గ్రాములకు సుమారు 85. చక్కెర 12 గ్రాములకు 48. చేపల మాంసమును పిండితో రుబ్బి వేయించిన బిళ్ళలు 50 గ్రాములకు సుమారు 74. మొత్తము దాదాపు 650 కెలోరీలు. ఇందులో మూడింట రెండు వంతులు తొక్ నుండియే వచ్చినవి. మాంసకృత్తులు మొత్తము 16 గ్రాములు. అవి ఇచ్చు శక్తి నూటికి పది పాళ్ళు.

చేప బిళ్ళలను తీసివేసినచో మాంసకృత్తులు 10 గ్రాములకు పడిపోవును. ఉడికించిన కోడిగ్రుడ్డు ఒకటి చేర్చినచో 70 కెలోరీలు పెరిగి, మాంసకృత్తులు 22 గ్రాములకు చేరును. గ్రుడ్డులో లైసిన్ కూడ సమృద్ధిగా నుండుటచే తొక్ యొక్క లోటు తీరును. ఇటీవల యువకులు జున్ను, మీగడ కలిపి తినుచున్నారు. 50 గ్రాముల జున్ను సుమారు 150 కెలోరీలను చేర్చును. గిన్నె 800 దాటును.

ఐతే అన్నిటికన్న గమనింపదగినది కెలోరీ పట్టికలో కనబడనే కనబడదు. అది ఉప్పు. గొచుజాంగ్‌లో నూటికి సుమారు 7 పాళ్ళు ఉప్పు. 40 గ్రాములలో దాదాపు 3 గ్రాములు. చేప బిళ్ళలలోను, తొక్‌లోను మరికొంత. పులుసు అంతయు తిన్నవాడు ఒక్క గిన్నెతో 4 గ్రాముల ఉప్పు తినును. పెద్దవారు దినమునకు 5 గ్రాములకు మించి ఉప్పు తినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఉప్పునకు కెలోరీలు లేవు. రక్తపు పోటు కలదు. అట్లే పీచు పదార్థము, ఆకుకూరల విటమినులు ఈ గిన్నెలో స్వల్పము. పాలిష్ పట్టిన బియ్యము పై పొరతో పాటు థయమిన్ అను బి1 విటమినును చాలవరకు కోల్పోయి యుండును. ఈ లోటులలో ఏదియు 650 అను సంఖ్యలో తెలియదు.

తెలియదగినది

తొక్‌పొక్కి మంచి ఆహారమా, చెడు ఆహారమా అను ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానము లేదు. 1953లో సియోల్ వీథిలో చలికి వణకుచు నిలిచిన శరణార్థికి ఆ గిన్నెలోని శక్తి ప్రాణాధారము. నేడు కుర్చీలో కూర్చుండి పని చేయుచు, మధ్యాహ్న భోజనము చేసిన పిమ్మట ఉబుసుపోకకు దానిని తిను ఉద్యోగికి అదే శక్తి అదనపు బరువు. మొదటివానికి లోపించినది కెలోరీ. రెండవవానికి లోపించునది కూరగాయలు, పీచు, తగినంత నడక. ఒకే తూనికతో ఇరువురికి సలహా చెప్పరాదు.

వంటకమును సరిదిద్దుటకు మార్గము ఆ వంటకపు చరిత్రలోనే ఉన్నది. రాజనగరు వంటవారు చేర్చిన మాంసము, నువ్వులు, కూరలు వట్టి ఆడంబరము కావు. బియ్యపు లోటును అవి తీర్చినవి. మాంసము తిననివారికి సోయాతో చేసిన టోఫు ఆ పనిని చేయును. తొక్ కొంచెము తగ్గించి, ఒక గ్రుడ్డును, క్యాబేజీని, ఉల్లి కాడలను పెంచి, పులుసును కొంత గిన్నెలోనే విడిచిపెట్టినచో వీథిలోని గిన్నె రాజనగరు గిన్నెకు పోషణలో సమీపించును. కారము మాత్రము ఎవరి నాలుక కొలది వారు వేసికొనవచ్చును.

కొరియనులు బార్లీ కనుమను దాటి ఇంకను ఎక్కువ కాలము కాలేదు. ఆ ఆకలిని చూచినవారు కొందరు నేటికిని జీవించియున్నారు. వారి మనుమలు పొట్లము మీది కెలోరీలను చూచి తొక్ కడ్డీలను లెక్క పెట్టుకొని తినుచున్నారు. రెండు తరముల నడుమ ఒక జాతి కరవును దాటినది. పొట్లము మీది సంఖ్యను చదువునప్పుడు ఆ సంఖ్య దేనిని కొలుచునో, దేనిని కొలువదో తెలిసికొని చదువుట ఆరోగ్యమునకు మేలు.